భూతయజ్ఞమునకు నేటి రూపము

(పొలాల అమావాస్యనాడు బిచ్కుందలో చేసిన ఉపన్యాసము)





ఈ దినము శ్రావణ బహుళ అమావాస్య. కోస్తా జిల్లాలలో ఈనాడు తల్లులు కంద మొక్కను ప్రతిష్ఠించి పిల్లల క్షేమము కొరకు పోలేరమ్మను అర్చింతురు. మన బిచ్కుంద, మద్నూరు, జుక్కల్ సీమ మూడు భాషలు కలియు చోటు. ఒక ప్రక్క మహారాష్ట్రము, ఒక ప్రక్క కన్నడదేశము. మనకు ఇది ఎడ్ల పండుగ. తెల్లవారుజామున ఎడ్లను కడిగితిరి. కొమ్ములకు రంగులు పూసితిరి. మెడలో గంటలు కట్టి, వీపున రంగుగుడ్డ కప్పి, హనుమంతుని గుడిచుట్టు త్రిప్పి, ఇంటి ముంగిట కాళ్లు కడిగి హారతి యిచ్చి భక్ష్యములు తినిపించితిరి. ఈ ఒక్క దినము ఎద్దు మెడపై కాడి లేదు. సంతోషము.

ట్రస్టువారు జీవకారుణ్యమును గూర్చి చెప్పుమనిరి. ఏమి చెప్పవలెనా యని ఆలోచించుచుండగా మన ఊరి విద్యార్థి యొకడు వచ్చి సూటిగా అడిగినాడు: "అయ్యగారూ! పట్నములో బ్లూక్రాస్ అనియు, ఇంకను ఏవో పేర్లతోను సంఘములున్నవి. వీధికుక్కలకు మందు వేయుదురు, కుంటి గాడిదలకు కట్టు కట్టుదురు. ఇది తెల్లవారు నేర్పిన వేడుక గాదా? మన శాస్త్రమున దీనికి చోటున్నదా?"

ప్రశ్న మంచిది. పేరు క్రొత్తది, పని పాతది అని రెండు మాటలలో సమాధానము చెప్పి పంపవచ్చును. కాని రెండు మాటలతో సరిపెట్టినచో వినువాడు గుమ్మము దాటునప్పటికి మరచిపోవును. అందువలన కొంచెము విస్తరించి చెప్పెదను.

గృహస్థునకు ప్రతిదినము చేయవలసిన మహాయజ్ఞములు అయిదు. దేవయజ్ఞము, పితృయజ్ఞము, భూతయజ్ఞము, మనుష్యయజ్ఞము, బ్రహ్మయజ్ఞము. కృష్ణయజుర్వేదమునందు తైత్తిరీయారణ్యకము రెండవ ప్రపాఠకమున ఇవి చెప్పబడినవి. భూతయజ్ఞమనగా ప్రాణులకు అన్నభాగము నిచ్చుట. ఇక్కడ భూతమనగా దయ్యము కాదు, పుట్టిన ప్రాణి యని అర్థము. పిల్లలు నవ్వుచున్నారు గనుక చెప్పుచున్నాను.

ఈ యజ్ఞములు ఎందులకు వచ్చినవో మనుస్మృతి మూడవ అధ్యాయమున కారణము చెప్పబడినది. ఇంటిలో తెలియకయే ప్రాణిహింస జరుగు చోట్లు అయిదున్నవి. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ. వీటికి సూనలని పేరు. సూన యనగా వధ జరుగు స్థానము. పొయ్యిలో పురుగు కాలును, చీపురుక్రింద చీమ చచ్చును. చంపవలెనని ఎవరికిని లేదు, కాని చచ్చుట నిజము. ఆ దోషము తీరుటకు ఈ అయిదు యజ్ఞములు. కనుక భూతయజ్ఞము మన పెద్దమనసునకు గుర్తు కాదు, ఎవరినో ఉద్ధరించుట కాదు. అది బాకీ తీర్చుట. బాకీ తీర్చినవానికి ఎవరును సన్మానము చేయరు. తీర్చనివానికి మాత్రము దోషమున్నది.

ఆ అన్నభాగమును ఎట్లు పెట్టవలెనో కూడ మనువు చెప్పినాడు. కుక్కలకు, కాకులకు, పురుగులకు, రోగముతో సంఘమునకు దూరమైన మనుష్యులకు గూడ భూమిపై మెల్లగా ఉంచవలెనని విధి. ఆ "మెల్లగా" అను మాటను మీరు పట్టుకొనవలెను. విసరివేయరాదు, మట్టిపాలు చేయరాదు. పెట్టుట యొక్కటే చాలదు, పెట్టు తీరున్నది.

ఇక ఆలోచింపుడు. నేటి మన యింటిలో సూనలు అయిదేనా? తిరుగలి పోయినది, రోలు మూల చేరినది. వాటి స్థానమున ఏమి వచ్చినవి? మిగిలిన కూరను మూటకట్టి వీధిలో పారవేయు ప్లాస్టిక్ కవరు వచ్చినది. రాత్రివేళ రహదారిపై వేగముగా పోవు వాహనము వచ్చినది. అడవిపందుల భయమున చేనుచుట్టు కట్టు కరెంటు తీగ వచ్చినది. ఆ తీగకు పందితో బాటు పశువులును, ఒక్కొక్కప్పుడు కట్టిన రైతే బలియగుచున్నారు. మనువు కాలపు సూనలలో చీమ చచ్చెను. మన సూనలలో ఆవు చచ్చుచున్నది. సూనలు ఇంత పెరిగినప్పుడు యజ్ఞము మాత్రము కాకికి పెట్టు పిడికెడు మెతుకులతో ముగియునా? తెగిన కాలికి కట్టుకట్టు విద్య, కడుపుకోసి ప్లాస్టిక్ తీయు విద్య ఒక గృహస్థునకు ఎట్లు వచ్చును? కనుక పదిమంది కూడి, వైద్యుని పెట్టుకొని, బండి కొని, చందాలు పోగుచేసి ఆ పని చేయుచున్నారు. నా దృష్టిలో ఆ సంఘములు చేయునది భూతయజ్ఞమే. ఒక్కరు చేయలేనిదానిని కలిసి చేయుచున్నారు, అంతే భేదము.

"వేదమున పశుయాగములు లేవా, మీరిట్లు చెప్పుటేల?" అని మీలో కొందరికి తోచవచ్చును. ఉన్నవి, నేను దాచను. పిండితో పశువును చేసి దానితో యాగము నడపు సంప్రదాయము గూడ మన దక్షిణదేశమున ఉన్నది. ఆ చర్చకు ఒక సాయంకాలము చాలదు, నేటి ప్రశ్న అది కాదు. దారిప్రక్క పడియున్న లేగదూడను చూచి తల త్రిప్పుకొని పోవువాడు ఏ యాగము పేరు చెప్పి తప్పించుకొనును?

మహాభారతము ఎక్కడ మొదలగుచున్నదో చూడుడు. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా ఒక కుక్కపిల్ల ఆడుకొనుచు అక్కడికి వచ్చినది. అది హవిస్సును ముట్టలేదు, చూడనైన లేదు. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లితో చెప్పుకొన్నది. ఆ తల్లి దేవతల కుక్కయైన సరమ. ఆమె వచ్చి రాజును నిలదీసినది, నిష్కారణముగా కొట్టినవారికి అనుకొనని చోటునుండి భయము వచ్చునని చెప్పి వెడలిపోయినది. నన్నయభట్టారకుడు సరమ నోట పలికించిన కందపద్యమును మన పిల్లలు బడిలో కంఠస్థము చేయుచున్నారు. అర్థము చెప్పి, ఇది ఒక కుక్క రాజును అడిగిన మాట యని ఉపాధ్యాయులు చెప్పుచున్నారో లేదో నాకు సందేహమే. భారతము చివర ధర్మరాజు స్వర్గద్వారమున కుక్కను విడువనన్న కథ అందరికి తెలిసినదే. దెబ్బతిన్న కుక్కతో మొదలై విడువబడని కుక్కతో ముగియు గ్రంథమును మనము పంచమవేదమని పూజించుచున్నాము.

అయితే నాకు ఈ రెండు కథలకంటె ముఖ్యముగా తోచునది ద్రోణపర్వమున నున్నది. హరికథలలో అది అంతగా రాదు.

సైంధవుని వధింపవలసిన దినము. సూర్యాస్తమయమునకు ముందు చంపనిచో అగ్నిప్రవేశము చేయుదునని అర్జునుని ప్రతిజ్ఞ. దారి పొడవునను ద్రోణుడు పన్నిన వ్యూహము. ప్రతి క్షణము ప్రాణముతో సమానము. మధ్యాహ్నము దాటినది. అప్పుడు గుర్రములు అలసినవి, ఒడలినిండ బాణములు నాటుకొని యున్నవి. అర్జునుడు శ్రీకృష్ణునితో సంప్రదించి యుద్ధభూమి నడుమ రథమును ఆపించినాడు. తాను నేలకు దిగి, నిలుచుండి, చుట్టు క్రమ్మిన శత్రువులను ఒంటరిగా నిలువరించినాడు. గుర్రములకు త్రాగుటకు నీరు లేదని శ్రీకృష్ణుడు చెప్పగా, అస్త్రముతో భూమిని చీల్చి జలాశయమును కల్పించినాడు. బాణములతో చుట్టును ఇల్లువలె కట్టినాడు. ఆ నీడలో శ్రీకృష్ణుడు గుర్రముల కాడి విప్పి, తన చేతులతో ఒక్కొక్క బాణమును లాగి, ఒడలు నిమిరి, కొంచెము త్రిప్పి, నీరు త్రాగించి, స్నానము చేయించి, మేత మేపి, అలసట తీరిన తరువాతనే మరల కట్టినాడు.

ఇది చదివినప్పుడెల్ల నాకు ఒకటే తోచును. "పని తొందరలో ఉన్నాము, పశువును చూచుకొను తీరిక ఎక్కడిది?" అనుటకు ఈ భూమిమీద ఎవరికైన అర్హత యుండినచో అది ఆనాటి అర్జునునకే యుండెను. అతడు ఆ మాట అనలేదు. గీత చెప్పిన చేతులతోనే భగవంతుడు గుర్రపు నెత్తురు తుడిచినాడు. ఆ పని ఎట్లు చేయవలెనో ఆయనకు తెలిసియుండుట గూడ గమనింపవలెను. జాలిపడి నిలుచుండినచో బాణము ఊడిరాదు. అశ్వవైద్యము తెలియవలెను.

ఇక ఆ యువకుడు అడిగిన సంఘముల చరిత్ర. జంతుహింసను నివారించు సంఘము లండనులో 1824లో పుట్టినది, మన దేశమున కలకత్తాలో 1861లో ఏర్పడినది. ఆ మేరకు తెల్లవారి మాట నిజమే. కాని అంతకు రెండువేల ఏండ్లకు ముందే అశోకచక్రవర్తి మనుష్యులకు, పశువులకు రెండింటికిని చికిత్స ఏర్పాటు చేసితినని రాతిపై చెక్కించినాడు. ఆ శాసనము మన తెలుగునేలపై, కర్నూలు సీమలో, ఎఱ్ఱగుడి గుట్టపై నేటికిని ఉన్నది.

భారత బ్లూక్రాస్ మద్రాసులో 1959లో మొదలైనది. కెప్టెన్ సుందరం అను విమానచోదకుడు వానకాలపు వరదనీటిలో కొట్టుకొనుచున్న కుక్కపిల్లలను చూచి ఇంటికి తెచ్చినాడు. ఆయన భార్య ఉషా సుందరం గూడ విమానము నడిపిన వనితయే. ఇంటిలో మొదలైన ఆ పని సంఘమైనది, వైద్యశాలయైనది. ఆకాశమున తిరుగువారి కన్ను నీటిలోని కుక్కపిల్లపై పడుట నాకు ఆశ్చర్యము. నేలపై నడచు మన కన్ను పడుట లేదు గదా!

ఆ కాలమున మద్రాసు నగరపాలకులు వీధికుక్కలను పట్టి చంపించుచుండిరి. నూరేండ్లనుండి చంపుచున్నను కుక్కలు తగ్గలేదు, జలభీతి రోగమును తగ్గలేదు. ఒక వీధిలో కుక్కలను తొలగించినచో ప్రక్క వీధి కుక్కలు ఆ ఖాళీచోటికి వచ్చి ఈనును. వచ్చిన క్రొత్త కుక్కకు టీకా ఉండదు. సుందరంగారి కుమారుడు చిన్నికృష్ణగారును, వారి సంఘమును 1964నుండి వేరొక మార్గము చెప్పిరి. కుక్కను పట్టి, పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేసి, జలభీతికి టీకా వేసి, గుర్తుగా చెవి కొన కత్తిరించి, ఏ వీధిలో పట్టిరో ఆ వీధిలోనే విడువవలెను. ఈ మాటను నగరపాలకులు అంగీకరించుటకు 1996 రావలసి వచ్చినది. 2001లో కేంద్రప్రభుత్వము దీనినే దేశమంతటికి నియమముగా చేసినది. 2023లో ఆ నియమములను మార్చి వ్రాసినది. 2025 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానము టీకా వేసిన కుక్కలను మరల అదే చోట విడువవచ్చుననియు, వెఱ్ఱి పట్టినదానిని, కరచు స్వభావము గలదానిని విడువరాదనియు, ఏర్పరచిన చోటనే మేత పెట్టవలెననియు చెప్పినది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్సు స్టాండ్ల వంటి చోట్లనుండి పట్టిన కుక్కలను తిరిగి అక్కడ విడువరాదని ఆదేశించినది.

మన హైదరాబాదున 1992లో అక్కినేని అమలగారు బ్లూక్రాస్ సంఘమును స్థాపించిరి. సినిమావారు గదా యని మొదట ఎవరైన తేలికగా తీసికొనియుండవచ్చును. మూడు దశాబ్దములకు పైగా ఆ పని సాగుచున్నది. ఒక పని ముప్పది ఏండ్లు సాగిన తరువాత దానిని వేడుక అనరాదు.

చట్టమును గూర్చియు ఒక మాట. నృత్యమునకు, కళాక్షేత్రమునకు పేరుపొందిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో సభ్యురాలై జంతుహింసా నివారణకు బిల్లు తెచ్చినది. ఆ ప్రయత్నఫలముగా 1960లో చట్టము వచ్చినది. 1962లో జంతుసంక్షేమ మండలి ఏర్పడినది, ఆమెయే మొదటి అధ్యక్షురాలు. ఆ చట్టమున మొదటి తప్పునకు శిక్ష యెంతయని తెలియునా? పది రూపాయలనుండి ఏబది రూపాయల వరకు జరిమానా. 1960లో అది ధనమే. నేడు రెండు చాయల ఖరీదు. చట్టము ముసలిదైనది. దానిని నమ్ముకొని మనము కూర్చుండరాదు.

కుక్కల మాట వచ్చినది గనుక తల్లులు భయపడుట నాకు తెలియును. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల పసివానిని కుక్కలు చంపినవి. ఆ తల్లిదండ్రుల ముందు నిలుచుండి జీవకారుణ్యము బోధించువాడు మూర్ఖుడు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్ గ్రామమున రాత్రివేళ దుండగులు తుపాకులతో ఇరువది కుక్కలను కాల్చిరి. దానివలన ఏ పిల్లవానికి రక్షణ కలిగినది? రొట్టెముక్క విసరి పుణ్యము వచ్చినదనుకొనుటయు చాలదు, విషము పెట్టుటయు చాలదు. రెండును సులభమైన పనులు. టీకా వేయించుట కష్టమైన పని. ఊరివారు కలిసి పంచాయతీని, పశువైద్యుని అడిగి చేయింపవలెను.

ఇంకొక మాట గట్టిగా చెప్పుచున్నాను, మనసున పెట్టుకొనుడు. కుక్క కరచినప్పుడు మంత్రము వేయించుకొనుటకు నా వంటివారి వద్దకు రావలదు. ఆకుపసరు వేయించుటకు ఎక్కడికిని పోవలదు. వెంటనే ధారగా పడు నీటితో, సబ్బుతో పదునైదు నిముషములు పుండును కడిగి, ఆలసింపక ప్రభుత్వ ఆసుపత్రికి పొండు. సూది మందులు ఎన్ని చెప్పిన అన్నియు, చెప్పిన దినములలోనే వేయించుకొనుడు. రోగలక్షణములు బయటపడిన తరువాత ఆ రోగి దాదాపుగా బ్రతుకడు. నా మంత్రములయందు నాకు విశ్వాసమున్నది గనుకనే వాటిని వాటి పని కాని చోట వాడవలదనుచున్నాను.

ఇప్పుడు ఆవుల విషయము. ఇందులో మన ఆలయమునకును భాగమున్నది.

పుట్టపర్తిలో కరుణా సొసైటీ యని యొకటి 2000 సంవత్సరమునుండి పని చేయుచున్నది. నెదర్లాండ్సు దేశమునుండి వచ్చి అక్కడ స్థిరపడిన వనిత దానిని స్థాపించినది. వీధులలో తిరుగు ఆవులు చచ్చుచుండగా కడుపులు కోసి చూచిరి. ప్లాస్టిక్! తరువాత బ్రతికియున్న ఆవులకే శస్త్రచికిత్స చేసి కిలోలకొలది తీసిరి. 2012లో సర్వోన్నత న్యాయస్థానమునకును పోయిరి.

ఆవు కడుపు నాలుగు గదులు. ఆవు మేతను ఏరుకొని తినదు, నాలుకతో చుట్టి లాగి మ్రింగును. తరువాత తీరికగా నెమరు వేయును. మనము కవరులో అన్నము మూటకట్టి పారవేసినచో మూట విప్పు చేతులు దానికి లేవు. కవరుతో మ్రింగును. గడ్డి అయినచో నెమరునకు పైకి వచ్చును, అరుగును. కవరు అరుగదు, క్రిందికిని పోదు. ఏండ్ల తరబడి మొదటి గదిలో చుట్టుకొని ముద్దగా మారును. మూటతో బాటు మేకులు, సూదులు, తీగముక్కలు పోవును. అవి రెండవ గదిలో పడును, ఆ గదికి ఆనుకొనియే గుండె యున్నది. పైకి చూచిన పొట్ట నిండుగా నుండును, చూడి ఆవేమో అనిపించును. లోపల మేతకు చోటు లేక అది ఆకలితో చచ్చును. ఎడమ డొక్క కోసి చేతితో తీయుట తప్ప వేరు చికిత్స లేదు. ద్రోణపర్వమున శ్రీకృష్ణుడు లాగిన బాణములు శత్రువులు వేసినవి. ఈ బాణములు వేయుచున్నది మనము, అదియు గోపూజ చేసిన చేతులతో.

2022 జూలై 1నుండి ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని ప్రభుత్వము నిషేధించినది. నిషేధము కాగితముపై నున్నది, కవరు బజారులో నున్నది. ట్రస్టువారిని నేను వేదికమీదినుండియే అడుగుచున్నాను. అన్నదానము నాడు ఎంగిలి విస్తళ్లతో బాటు నీటి ప్యాకెట్లు, ప్రసాదపు కవర్లు ఆలయము వెనుక ఎక్కడ పడుచున్నవి? అక్కడ ఏ పశువులు మేయుచున్నవి? మోదుగాకు విస్తరి కుట్టువారు మన పల్లెలలో ఇంకను ఉన్నారు. ప్రసాదము దొన్నెలో పెట్టుట అసాధ్యమేమియు కాదు.

ఎడ్ల పండుగనాడు ఎడ్లను మరచి పోరాదు. పరాశరస్మృతి రెండవ అధ్యాయమున సేద్యధర్మము చెప్పబడినది. ఒక నాగలికి ఎనిమిది ఎడ్లుండుట ధర్మము, ఆరు జీవనాధారమునకు, నాలుగైనచో క్రూరత్వము, రెండే ఎడ్లతో దినమంతయు దున్నువాడు గోహంతకునితో సమానుడు. అనగా ఎడ్లను మార్చి మార్చి కట్టవలెనని భావము. ఆకలిగొన్నదానిని, దప్పిగొన్నదానిని, అలసినదానిని, రోగముతో నున్నదానిని కట్టరాదు. సగము దినము పని చేయించి స్నానము చేయింపవలెను.

1965లో కేంద్రప్రభుత్వము బరువులాగు పశువులను గూర్చి నియమములు చేసినది. చూడుడు, పోలిక ఎట్లున్నదో! దినమునకు మొత్తము తొమ్మిది గంటలకు మించి పని చేయింపరాదు. విశ్రాంతి లేక అయిదు గంటలకు మించరాదు. వేడిమి 37 డిగ్రీలు దాటు చోట పగలు పండ్రెండునుండి మూడు వరకు కట్టనే రాదు. ముల్లు గుచ్చిన కఱ్ఱ వాడరాదు. రబ్బరు చక్రములు లేని రెండు చక్రముల బండికి చిన్న ఎద్దులైనచో 500 కిలోలు, పెద్ద ఎద్దులైనను 900 కిలోలు మించరాదు. మన మంజీరా తీరమున చైత్రము దాటినచో 37 డిగ్రీలను ఎవరు వేడిమి యందురు? బోధన్ చక్కెర కర్మాగారము నడచిన కాలమున చెరకుబండ్లు వరుసలు కట్టి నిలుచుట పెద్దలు ఎరుగుదురు. ఆ బండిపై ఎన్ని కిలోలుండెనో ఎవరు తూచిరి? చెరకు తూచిరి, ఎద్దు మెడను తూచలేదు. ఆ కర్మాగారము 2015లో మూతపడినది. మిగిలిన బండ్లకు నియమము నేటికిని వర్తించును.

నేడు అసలు ఎద్దులే తగ్గినవి. ట్రాక్టరు వచ్చినది. నేను ట్రాక్టరును నిందింపను, దానివలన ఎన్నియో మెడలు తేలికపడినవి. కాని దానితో మగదూడకు విలువ పోయినది. సంకరజాతి ఆవునకు పుట్టిన కోడెకు మూపురము లేదు, కాడికి పనికిరాదు. పాలిచ్చునది కాదు. దానిని ఏమి చేయుదురు?

కొందరు సంతకు తోలుచున్నారు. కొందరు రోడ్డుపై వదలుచున్నారు. కొందరు దేవునికి ఇచ్చుచున్నారు. ఈ మూడవ దానిని గూర్చి మాట్లాడుట ఆలయములో కష్టమే, అయినను మాట్లాడుచున్నాను.

వేములవాడ రాజరాజేశ్వరస్వామికి కోడెమొక్కు మన తెలంగాణమున ప్రతి యింటి మొక్కు. కోడెను పట్టుకొని గుడిచుట్టు ప్రదక్షిణము చేసి స్వామి సన్నిధిని కట్టుట గొప్ప ఆచారము. ఎద్దు శివుని వాహనము, ధర్మమునకు రూపము. ఆ మొక్కును నేను తప్పుపట్టను. అయితే మొక్కు పేర ఇచ్చిన కోడెలన్నింటిని పోషించుట ఏ ఆలయమునకైనను తలకు మించిన పని. 2025 మే నెలాఖరున వేములవాడకు చేరువనున్న తిప్పాపురము గోశాలలో కోడెలు మరణించిన వార్త పత్రికలలో చదివితిమి. అధికారులను నిందించుట సులభము. ఇచ్చినవారము మనము.

పూర్వము వృషోత్సర్గమని ఆబోతును విడిచెడివారు. లక్షణములు గల మంచి కోడెను ఎంచి, దానితో పెయ్యలను గూడ కలిపి విడువవలెనని విధి. అప్పుడు ఊరికి బంజరున్నది, చెరువున్నది, అడవియున్నది. విడిచిన ఎద్దు ఊరి మందకు తండ్రియయ్యెడిది. నేడు బంజరు ఏది? విడిచిన ఎద్దు పొరుగువాని సోయాచేనిలో పడి గొడ్డలిదెబ్బ తినుచున్నది.

కఠోపనిషత్తు ఎట్లు మొదలైనదో స్మరింపుడు. నచికేతుని తండ్రి సర్వస్వము దానము చేయు యాగము చేసినాడు. బ్రాహ్మణులకు ఇచ్చుటకు గోవులను తోలుచుండగా ఆ పసివాడు చూచినాడు. పాలుడిగినవి, ఈనుట మానినవి, గడ్డి నమలలేని ముసలి ఆవులు. తనకు పనికిరానిదానిని దేవుని పేర వదలించుకొనువాడు ఏ లోకమునకు పోవునో పిల్లవానికి తెలిసినది, తండ్రికి తెలియలేదు. "నన్ను ఎవరికి ఇత్తువు?" అని అడుగుటకు అదియే కారణము. యమునివద్ద వినిన బ్రహ్మవిద్య యంతకును ద్వారము తెరచినది ఒక చెడ్డ గోదానము. శంకరభగవత్పాదులు భాష్యము వ్రాసిన ఆ గ్రంథమును చదువుచు, రోగిష్ఠి కోడెను ఆటోలో ఎక్కించి గుడిముందు దించి వచ్చుట మనకు ఎట్లు చెల్లును?

కనుక మొక్కున్నవారు ఇట్లు చేయవచ్చునని నా అభిప్రాయము. సన్నిధిలోని కోడెనే పట్టి ప్రదక్షిణము చేసి కట్టుడు, మొక్కు తీరును. ఇంటి కోడెను ఇవ్వదలచినచో దాని ఏడాది మేత వెలను దానితో బాటు ఇండు. దానమునకు దక్షిణ లేనిచో ఫలము లేదని మీకు తెలిసినదే. లేదా మేత గలిగి, మందు వేయించి, పేరుపెట్టి పిలుచు రైతు ఇంట కట్టుడు. ఏ కసాయి సంతకును పోదని మాట తీసికొనుడు. అదియు చేయలేనిచో మొదటనే పశువైద్యుని అడుగుడు. పెయ్యదూడలే ఎక్కువగా పుట్టునట్లు వేరుచేసిన వీర్యముతో ఆవును కట్టించు పద్ధతి వచ్చినది. అక్కరలేని కోడెను పుట్టించి దేవునికి అప్పగించుటకంటె అది మేలు.

పశువునకు ఆపద కలిగినప్పుడు 1962 సంఖ్యకు పిలిచినచో వచ్చు సంచార పశువైద్య వాహనములను తెలంగాణ ప్రభుత్వము 2017లో ప్రారంభించినది. జంతుసంక్షేమ మండలి పుట్టిన ఏడును, ఈ సంఖ్యయు ఒకటే యగుట యాదృచ్ఛికమైనను గుర్తుపెట్టుకొనుటకు పనికివచ్చును. బండి వచ్చువరకు పశువునకు నీడ కల్పింపుడు, కూలిన పశువును కాళ్లు పట్టి ఈడ్వవలదు, నోట బలవంతముగా నీరు పోయవలదు. ఊపిరితిత్తులలోనికి పోయి ఆ నీరే చంపును.

మన ఊరికి బ్లూక్రాస్ రాలేదు. రావలెనని ఎదురుచూచుట కంటె ఉన్నదానితో మొదలుపెట్టుట మంచిది. మూడు పనులకు ట్రస్టువారు అంగీకరించినారు. సంతబజారులో పశువులకు ఒక నీళ్లతొట్టి కట్టింతురు. దసరా తరువాత ఒక ఆదివారము పశువైద్యుని రప్పించి ఆలయ ప్రాంగణమున ఊరి కుక్కలకు జలభీతి టీకాలు వేయింతురు. వచ్చు మాసమునుండి అన్నదానమున ప్లాస్టిక్ ఉండదు, మోదుగ విస్తళ్లే. తొట్టిలో దినము విడిచి దినము నీరు మార్చుటకు, టీకాలనాడు కుక్కలను పట్టుటలో సాయపడుటకు మనుష్యులు కావలెను. పేర్లు వ్రాయు పుస్తకము కార్యాలయమున గుమాస్తా వద్ద ఉన్నది. ప్రశ్న అడిగిన అబ్బాయి పేరు మొదటి పుటలో ఇదివరకే వ్రాయబడినది. తీర్థప్రసాదములు స్వీకరించి పోవునప్పుడు ఆ ప్రక్కగా పొండు.

స్వస్తి.